నూనె తాగిన క్లచ్ ప్లేటు

పోయిన వారమే రాంచందర్ తన చేతులతో బిగించిన కొత్త క్లచ్ ప్లేటు నూనెలో ముంచి తీసినట్టు కారుతోంది. ఆ నూనె ఇంజనుది కాదు, గేరుబాక్సుదీ కాదు.

జీపు కింద వెల్లకిలా పడుకుని అతను ప్లేటును మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంజను నూనె అయితే నల్లగా ఉండాలి. గేరు నూనె అయితే కుళ్లిన గుడ్డు వాసన కొట్టాలి. ఇది తేనె రంగులో, జిగటగా, వేలికీ వేలికీ మధ్య తీగలా సాగుతోంది. అంచుల్లో మాడి గట్టిపడింది. ఆ మాడు వాసన కింద మరో వాసన ఉంది. ఎక్కడో బాగా తెలిసిన వాసనే. ఎంతకీ గుర్తుకు రాలేదు.

"ఏమైంది బావా? మల్ల సీలేనా?" బయటి నుంచి మేనమామ కొడుకు కమలాకర్ వంగి అడిగాడు.

"జర ఆగు."

ఇంజను వెనకవైపు నూనె కారకుండా ఆపే సీలు చుట్టూ రాంచందర్ వేలు తిప్పి చూశాడు. పొడిగా ఉంది. పోయినసారి ఆ సీలే పోయిందనుకుని సీలూ ప్లేటూ రెండూ మార్చాడు. తప్పు అక్కడే జరిగింది. అప్పుడు కూడా ప్లేటు ఇలాగే జిగటగా ఉంది. కానీ వాగు నీళ్లూ బురదా కలిసిపోయి ఉంటే పాత బండి కదా అనుకున్నాడు. వాసన చూడలేదు.

వసారాలోంచి దగ్గు వినిపించింది. దగ్గు ఆగాక వచ్చే ఈల లాంటి ఊపిరి ఇంకా దారుణంగా వినిపించింది.

నులక మంచం మీద కమలాకర్ తండ్రి దశరథం కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. అతని రెండు కిడ్నీలూ పని మానేశాయి. వారానికి రెండుసార్లు దేవరకొండ దవాఖానకు తీసుకెళ్లి మిషను మీద రక్తం కడిగించాలి. సోమవారం వంతు తప్పిపోయింది. ఈరోజు గురువారం. ఈ సాయంత్రం లోపల తీసుకురాకపోతే ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండుతాయని, ఆ తర్వాత తీసుకొచ్చినా తాము చేయగలిగేది ఉండదని డాక్టరమ్మ పొద్దున ఫోన్లో చెప్పింది.

రేగులగుట్ట మీది ఈ ఊరి నుంచి కిందికి దిగాలంటే బండరాళ్ల బాట, ఆ తర్వాత వాగు. కొత్త రాష్ట్రం వచ్చాక వాగు అవతలి ఒడ్డు దాకా తారు రోడ్డు వేశారు. వంతెన మాత్రం ఎన్నికలకొకసారి మాటల్లో లేచి మాటల్లోనే కూలిపోతోంది. నాలుగు రోజులుగా ముసురు. వాగు తొడలోతు పారుతోంది. మగవాళ్లు మోకు పట్టుకుని దాటగలరు. మంచం మోసేవాళ్లకు మోకు పట్టుకోవడానికి చేతులుండవు. ట్రాక్టరు ఇంజను ఎక్కగలదు గానీ దాని మీద కూర్చోలేని మనిషాయె. ట్రాలీ తగిలిస్తే ఆ మలుపులు తిరగదు. నాలుగు చక్రాలూ తిరిగే ఈ పాత డీజిలు జీపొక్కటే దిక్కు. అది సోమవారం వాకిట్లోనే నిలబడిపోయింది. ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. క్లచ్ జారుతోంది.

అందుకే రాంచందర్ పొద్దున్నే కొత్త ప్లేటును యూరియా సంచిలో చుట్టి, నెత్తిన పెట్టుకుని, మోకు పట్టుకుని వాగు దాటి వచ్చాడు. దశరథం అతనికి మేనమామ. స్టీరింగు పట్టడం నేర్పింది ఈ మామే, ఈ జీపు మీదే.

రాంచందర్ పాకుతూ బయటికి వచ్చి జీపెక్కాడు. డ్రైవరు కాళ్ల కింద గేరుబాక్సును కప్పే రేకు ఉంటుంది. దాన్ని పొద్దున తానే విప్పి పక్కన పెట్టాడు. నాలుగు స్క్రూలు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. తుప్పు పట్టాల్సిన గాట్లు అరిగి కొత్త పైసల్లా మెరుస్తున్నాయి; తాను రెండుసార్లు విప్పితే అంత అరగవు. రేకు కింద క్లచ్ డబ్బా పైభాగాన, ఇంజను టైమింగు గుర్తు చూసేందుకు చిన్న కిటికీ ఉంది. దాని మూత పక్కకు జరిగి ఉంది. మూత చుట్టూ అదే జిగట.

"కమలాకర్, ఇది కారింది కాదు," అన్నాడు మెల్లగా. "పోసింది."

"ఏంది?"

"ఎవడో రేకు లేపి, గీ కిటికీల నుంచి నూనె పోసిండు. ఒక్కసారి గాదు. రెండు ప్లేట్లూ గట్లనే పోయినయ్."

కమలాకర్ చేతిలోని పానా బిగుసుకుంది. అతని చూపు నేరుగా వాకిలి చివరికి పోయింది. అక్కడ విజేందర్ గొంతుక్కూర్చుని బీడీ తాగుతున్నాడు. కింది ఊరివాడు. అతనూ కమలాకరూ ఒకే బడిలో చదివారు. వాగు అవతల రోడ్డు మీద ఆటో తిప్పుతాడు. గేరుబాక్సు దించడానికి మూడో మనిషి కావాలంటే రాంచందర్‌తో పాటు వాగు దాటి వచ్చాడు.

"ఏందిరా గట్ల జూస్తున్నవ్?" అన్నాడు విజేందర్.

"మొన్న ఎండకాలం గీ జీపు నాకు అమ్మమని ఎవడడిగిండు?" అన్నాడు కమలాకర్.

"నేనే అడిగిన. తునకల కింద తూకానికి అడిగిన. నీ బండిని బండి అని ఎవడడుగుతడు?" విజేందర్ నవ్వాడు. కమలాకర్ నవ్వలేదు.

"జీపు ఆగితే గుట్ట మీది జనమంత నడిచొచ్చి నీ ఆటోనే ఎక్కాలె."

విజేందర్ బీడీ నేల మీద నలిపాడు. "అరేయ్, మీ నాయినను దవాఖాన కాడ దింపి ఒక్కనాడన్న కిరాయి అడిగిన్నా? నీ జీపు సంగతేందో నాకెట్ల ఎర్క? రోజు పొద్దుమీకి అందుల కూసుండి శ్రీశైలం దాక పోయొచ్చేటోడు మీ నాయిననే గద. ఆయన్నడుగు, ఎవడన్న వచ్చిండా అని."

ఆ మాటకు మామూలుగా అయితే అందరూ నవ్వేవారు. దశరథం జబ్బు పడ్డాక కూడా సాయంత్రమయ్యేసరికి గోడ పట్టుకుని నడిచి, జీపెక్కి, స్టీరింగు మీద చేతులేసి చీకటి పడేదాకా కూర్చుంటాడు. ఒకప్పుడు దేవరకొండకూ కల్వకుర్తికీ మధ్య ఇదే జీపులో జనాన్ని కుక్కి తిప్పినవాడు. బండి తోలలేకపోయినా బండిలో కూర్చోనిద్దామని ఎవరూ అడ్డు చెప్పలేదు.

"లొల్లి తర్వాత," అన్నాడు రాంచందర్. "ముందు బండి లేవాలె. పొద్దు వాలుతాంది."

పెట్రోలులో ముంచిన గుడ్డతో, ఇంజను వెనక ప్లేటు ఆనే ఫ్లైవీలు చక్రాన్ని తుడిచాడు. గరుకు కాగితంతో రుద్దాడు. మళ్లీ తుడిచాడు. ఒక్క చుక్క మిగిలినా కొత్త ప్లేటూ జారిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త ప్లేటును అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తాడు. ప్లేటు నడిమి రంధ్రం సరిగ్గా మధ్యకు రాకపోతే గేరుబాక్సు దూరదు. దానికోసం చెక్కి పెట్టుకున్న కర్రముక్కను గుచ్చి, ప్లేటును నిలబెట్టి, పైన దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు పెట్టి, బోల్టులు ఎదురెదురుగా ఒక్కొక్క చుట్టు బిగిస్తూ వచ్చాడు.

ఇక గేరుబాక్సు పైకెత్తాలి. జాకీ మీద నిలిచే ఆకారం కాదు. జీపు రెండు పక్కల గుమ్మాల మీద అడ్డంగా దూలం వేశారు. దూలానికి మోకు కట్టి, నేల రేకు విప్పిన సందులోంచి కిందికి వదిలి, గేరుబాక్సు నడుముకు చుట్టారు. పైన కూర్చుని మోకులో కర్ర దూర్చి మెలి తిప్పుతుంటే బరువు అంగుళం అంగుళంగా లేస్తుంది. కింద ఒకడు పడుకుని దాన్ని గుండెల మీదుగా ముందుకు నెట్టాలి.

కింద పడుకున్నది కమలాకర్. పైన కర్ర తిప్పుతున్నది విజేందర్.

మోకు కిర్రుమంది. కమలాకర్ ఊపిరి బిగబట్టాడు. విజేందర్ ఆ కర్ర వదిలేస్తే చాలు, ఆ ఇనుపముద్ద నేరుగా తన ఛాతీ మీదికి దిగుతుంది. పైనున్న మొహం కనిపించదు. రెండు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. కర్ర బిగపట్టి వణుకుతున్న కాళ్లు.

"ఇంకొంచెం... ఆగు... ఎడమకు," రాంచందర్ చెబుతున్నాడు.

"జల్ది కానియ్యి బావా," పైనుంచి విజేందర్ గొంతు. "చేతులు జారుతున్నయ్."

"నూనె అంటిందా?" కింద నుంచి కమలాకర్ అన్నాడు.

మోకు ఒక్క క్షణం సడలింది. గేరుబాక్సు రెండు వేళ్ల మందం దిగింది. కమలాకర్ కళ్లు మూసుకున్నాడు.

"నీ నోట్ల మన్నువడ," అన్నాడు విజేందర్, పళ్లు కొరికి కర్ర మళ్లీ తిప్పుతూ. "నెట్టు!"

టక్కుమని గేరుబాక్సు షాఫ్టు ప్లేటులోకి దూరింది. రాంచందర్ మొదటి బోల్టు ఎక్కించాక గానీ ముగ్గురిలో ఎవరూ ఊపిరి వదల్లేదు.

బోల్టులన్నీ బిగించేసరికి ముసురు జల్లుగా మారింది. రాంచందర్ నిలువునా తడిసి వసారా గోడకు ఆనుకున్నాడు. దశరథం భార్య యాదలక్ష్మి చాయ గ్లాసులు తెచ్చింది. మరో చేతిలో చిన్న సీసా.

"తల వంచు అల్లుడా. పొద్దటిసంది నానుతున్నవ్. జలుబు జేస్తది."

వానలో తడిసి వచ్చినవాడి మాడు మీద ఆముదం అద్దకుండా ఆ ఇంట్లో ఎవరినీ కూర్చోనివ్వరు. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా రాంచందర్ ఆ చేతి కింద తల వంచినవాడే. ఇప్పుడూ వంచాడు. ఆమె అరచేతిలో నూనె పోసుకుని మాడు మీద చప్పున కొట్టి రుద్దింది.

వాసన ముక్కుకు తగిలింది.

గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసిన వంటాముదం. పొగ చూరిన వాసన. దుకాణంలో కొనే ఆముదానికి ఈ వాసన రాదు. క్లచ్ ప్లేటు మీద మాడు వాసన కింద ఉన్నది ఇదే.

"అత్తా, గీ ఆముదం ఇంకెవరన్న వండుతున్నరా గుట్ట మీద?"

"ఎవరు వండుతరు బిడ్డా? చేన్ల కాసింది కాసినట్టు గింజలు అమ్ముకొని, ప్యాకెట్ నూనె తెచ్చుకుంటున్నరు. నేనొక్కదాన్నే. అదీ మీ మామ కోసమే." ఆమె గొంతు తగ్గించింది. మొహంలో చాలా రోజుల తర్వాత వచ్చిన చిన్న వెలుగు. "కాళ్లు తిమ్మిర్లు వడుతున్నయని రోజు అడుగుతడు. నేను రాస్తనంటే ఒద్దంటడు. నేనే రాసుకుంట, సీసా ఈడ పెట్టు అంటడు. వండింది వండినట్టు అయిపోతాంది. ఏదో ఒకటి గుణమిస్తాంది గద అని మల్ల వండుతున్న."

రాంచందర్ తల తిప్పి మంచం వైపు చూశాడు.

దశరథం కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. నీరు పట్టి ఉబ్బిన పాదాలు. చర్మం బూడిద రంగులో ఎండి, పొలుసులు లేచి, ఎండిన చెరువు మట్టిలా పగిలింది. ఆ కాళ్లకు ఈ మధ్య నూనె చుక్క తగిలిన జాడ లేదు.

దశరథం అతన్నే చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. దశరథం తల అడ్డంగా ఊపాడు. చాలా కొద్దిగా. చెప్పకు అన్నట్టు.

రాంచందర్ చాయ తాగకుండానే లేచాడు. ఏం చేయాలో అతనికి తోచలేదు. కనీసం చేతులకు పనుంది. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. ఇంజను అందుకుంది. టాప్ గేరు వేసి, రేసు ఇచ్చి, క్లచ్ పెడలు మెల్లగా వదిలాడు. క్లచ్ జారితే ఇంజను అరుస్తూనే ఉంటుంది. పట్టుకుంటే గొంతు నొక్కినట్టు ఆగిపోవాలి.

జీపు ఒక్కసారి ముందుకు ఊగింది, ఇంజను దబ్బున ఆగిపోయింది.

"పట్టింది!" విజేందర్ అరిచాడు.

కమలాకర్ అరవలేదు. జీపు చుట్టూ తిరిగి వచ్చి విజేందర్ అంగీ పట్టుకుని బండి రేకుకేసి అదిమాడు. కుడి చేతిలో పొడుగాటి పానా.

"ఇప్పుడు చెప్పు. ఎవడు పోసిండు?"

"ఇడువురా! పిచ్చి లేసిందా?"

"రెండు రోజులు ఊపిరాడక కూసున్నడు మా నాయిన. కూసోనే నిద్రవోయిండు. నువ్వు రెండువందల కిరాయి కోసం..."

"నా పిల్లల మీద ఒట్టు..."

"పిల్లల ముచ్చట నాతోటి మాట్లాడకు!"

షాద్‌నగర్‌లో కమలాకర్‌కూ ఒక కూతురుంది. మందుల డబ్బాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం ఉండేది. తండ్రిని ఎక్కించి దింపడానికి మొదట సెలవు పెట్టాడు, తర్వాత ఇంకో సెలవు, ఆ తర్వాత కంపెనీ వాళ్లే ఇక రావద్దన్నారు. భార్య స్వర్ణ అక్కడే కిరాయి గదిలో బిడ్డతో ఉండి ఒక్కతే పనికి పోతోంది. పిల్ల మొహం చూసి ఎన్నాళ్లయిందో అతను లెక్క పెట్టడం మానేశాడు.

పానా లేచింది.

రాంచందర్ దూకి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వాడు కాదు! కమలాకర్, వాడు కాదు. సీలే. సీలే పోయింది. నాదే తప్పు. నేనే సరిగ్గ ఎయ్యలే."

"ఇందాక పోసిన్రంటివి గద!"

"తప్పు చెప్పిన."

"నీకు అబద్ధమాడుడు రాదు బావా. జరుగు."

యాదలక్ష్మి కేకలు పెడుతూ వచ్చి మధ్యలో పడింది. ఆమె చేతిలో ఆముదం సీసా ఇంకా అలాగే ఉంది. కమలాకర్ తల్లిని ఎడమ చేత్తో పక్కకు నెట్టాడు. విజేందర్ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.

"వాన్ని ఇడువు కొడుకా."

గొంతు వసారాలోంచి వచ్చింది. పెద్దగా రాలేదు. అయినా అందరూ ఆగిపోయారు. దశరథం మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని లేవబోయి, లేవలేక, మళ్లీ కూలబడ్డాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ, కొడుకు మొహంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ పిల్లగాన్ని ఏమనకు. పోసింది నేనే. మీ అమ్మను గూడ ఏమనకు, దానికేం తెల్వదు. కాళ్లకని అడిగి తీసుకున్న. సెలైను పైపు ముక్క దవాఖాన నుంచి జేబుల ఏసుకొచ్చిన. పొద్దుమీకి జీపుల కూసుండి, రేకు లేపి, కిటికీల నుంచి ఇంత ఇంత పోసిన. ఆ బండి కడుపుల ఏముందో నాకన్న ఎవనికి ఎర్క?

బ్రేకు ముట్టలే కొడుకా. బ్రేకు ముడితే నీ పానం పోతుండె. క్లచ్చయితే నిలవడ్తది గంతే, ఇంట్లనే నిలవడ్తది అనుకున్న. మొదటిసారి వాగు నడుమ నిలవడ్డది. నువ్వు తొడలోతు నీళ్లల్ల దిగి నూకుతుంటే, నీ కాళ్లు జారుతుంటే, నేను స్టీరింగు పట్టుకొని జూసిన. ఆనాడే చెప్పాలె. నోరు రాలే. మీ బావ కొత్త ప్లేటు ఏసిండు. నేను మల్ల పోసిన.

రానని ఎన్నిసార్లన్న? చంటిపిల్లగాని లెక్క ఎత్తి ఎక్కిస్తివి. నయమైతదంటే పోతుంటి. నయం గాదని డాక్టరమ్మ నీకూ చెప్పింది, నాకూ చెప్పింది. మనిద్దరం ఒకనికొకడు చెప్పుకోలే. మొన్న స్వర్ణ ఫోన్ల ఏడిస్తే నువ్వు గోడ దిక్కు తిరిగి మాట్లాడినవ్. ఆ గోడకు ఇవతల నేనే ఉన్న. నేను బతికున్నన్ని దినాలు నీ బిడ్డ నీకు ఫోన్ల బొమ్మనే. నిన్ను పొమ్మంటే పోవు. బండి పోకుంటె నేను పోత, గప్పుడన్న నువ్వు నీ బిడ్డ కాడికి పోతవనుకున్న.

ఇయ్యాల ఎక్కియ్యి, వస్త. నీ చేతులు కాదనే సత్తువ లేదు నాకు. గాని ఇంకో సీసా దాచిన. యాడుందో చెప్ప. నువ్వు ఎన్ని ప్లేట్లన్న మార్చు కొడుకా, ఇంటికొచ్చినంక నేను మల్ల పోస్త."